ఆ గడియారానికి రెండు చెవులు

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, జవాబు సగం అందులోనే ఉంది. మ్యూనిక్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. బయటి ఉష్ణోగ్రత కూడా చూపించే రేడియో గడియారం (రేడియో ప్రసారం విని సమయం తనంతట తనే దిద్దుకునేది) కొన్నారు. గడియారాన్ని వంటింటి గట్టు మీద పెట్టారు, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ డబ్బాను దక్షిణం వైపు బాల్కనీలో ఇనుప కటకటాలకు కట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం బయట 38 డిగ్రీలని చూపించింది. ఊళ్ళో ఆ రోజు 24. సమయం సరిగ్గా ఒక గంట ముందుంది, నిమిషాలు మాత్రం ఫోనుతో చక్కగా కలుస్తున్నాయి. సమయం సెన్సర్ నుంచే వస్తుందనుకుని అందులోని సెల్లు తీసి మళ్ళీ వేశారు. గంట తేడా పోలేదు సరికదా, బయటి ఉష్ణోగ్రత ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు వచ్చి కూర్చున్నాయి. కొట్లో తిరిగి ఇచ్చేయాలా అని ఒక ప్రశ్న. ఇలాంటిదే ఇంకొకటి గుంటూరులో నాన్నగారికి పట్టుకువెళ్ళవచ్చా అని రెండో ప్రశ్న. రీచార్జబుల్ సెల్లు వాడవచ్చా అని మూడోది.

తిరిగి ఇవ్వకండి. వస్తువు నిక్షేపంగా ఉంది. నేను ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. మా ఇంట్లో ఇలాంటివి నాలుగు ఉన్నాయి, స్నేహితుల ఇళ్ళలో బిగించినవి లెక్క పెట్టలేదు. నన్ను పిలిచిన పది ఇళ్ళలో తొమ్మిదింట గడియారం పాడవలేదు, దాన్ని నిమ్మళంగా ఉండనివ్వలేదు, అంతే.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆ పెట్టెలో రెండు వేరువేరు రేడియోలు ఉన్నాయి. ఒకటి ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రభుత్వ ప్రసారాన్ని విని సమయం తెలుసుకుంటుంది. రెండోది మీ బాల్కనీలోని చిన్న డబ్బా చెప్పే ఉష్ణోగ్రతను వింటుంది. రెండు చెవులనుకోండి. ఒక చెవికి వినబడేది రెండోదానికి పట్టదు. గంట తేడా వచ్చిందని మీరు సెన్సర్ సెల్లు తీశారు. అంటే కుడి చెవి నొప్పికి ఎడమ చెవిలో మందు పోశారు. కుడి చెవి మారలేదు, బాగున్న ఎడమ చెవి మూసుకుపోయింది. (మీ పొరపాటు మరీ ఆధారం లేనిది కాదు. కొన్ని పాత మోడళ్ళలో సమయం వినే రిసీవర్ బయటి డబ్బాలోనే ఉండేది. ఇప్పుడు దొరికే మామూలు గడియారాల్లో అలా ఉండదు.)

సమయం చెవి సంగతి ముందు చూద్దాం. జర్మనీలో ఈ గడియారాలు వినేది డీసీఎఫ్77 అనే ప్రసారం. ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఆగ్నేయంగా పాతిక కిలోమీటర్ల దూరంలో మైన్‌ఫ్లింగెన్ అనే ఊరి దగ్గర దాని స్తంభాలు ఉన్నాయి. బ్రౌన్‌ష్వైగ్‌లోని జాతీయ కొలమానాల సంస్థ పీటీబీ దీన్ని నడిపిస్తుంది. సమయ సంకేతం 1973 నుంచి ప్రసారమవుతోంది. తరంగ పౌనఃపున్యం 77.5 కిలోహెర్ట్జ్, అంటే ఒక్కో తరంగం దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవు. అంత పొడవాటి తరంగం నేలను పట్టుకుని పాకుతూ పోతుంది, కొండలను పెద్దగా లెక్క చేయదు. అందుకే ఒక్క కేంద్రం సుమారు 2,000 కిలోమీటర్ల మేర పలుకుతుంది.

అది మాట్లాడే తీరు నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. ప్రతి సెకను మొదట్లో తరంగం బలం ఒక్కసారి తగ్గుతుంది. సెకనులో పదో వంతు సేపు తగ్గితే సున్నా, అయిదో వంతు సేపు తగ్గితే ఒకటి. 59వ సెకనులో మాత్రం తగ్గదు. ఆ మౌనమే గుర్తు, దాని తర్వాత తగ్గిన క్షణంలో కొత్త నిమిషం మొదలు. ఇలా నిమిషం పొడుగునా ఒక్కొక్క అంకె చొప్పున నిమిషాలు, గంటలు, తేదీ, వారం, నెల, సంవత్సరం, వేసవి సమయమా (వేసవిలో గంట ముందుకు జరిపేది) కాదా అన్నదీ పంపుతుంది. అంటే మొత్తం కబురు ఒకసారి వినడానికి పూర్తిగా ఒక నిమిషం కావాలి. మధ్యలో మీ ఇండక్షన్ పొయ్యి గురక పెట్టి ఒక్క అంకె చెడితే ఆ నిమిషం వృథా. బుద్ధి ఉన్న గడియారం ఒక్కసారి విని నమ్మదు, వరసగా రెండు మూడు నిమిషాల కబుర్లు ఒకదానితో ఒకటి సరిపోతేనే ముళ్ళు కదుపుతుంది. అందుకే మంచి చోట ఉన్నా మూడు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఈ లోపల ఏదో ఒక బటన్ నొక్కితే చాలా మోడళ్ళు వినడం మానేస్తాయి.

ఇప్పుడు మీ గంట తేడా. నిమిషాలు కలుస్తున్నాయని రాశారు కదా, అక్కడే గుట్టు తేలిపోయింది. సిగ్నల్ అందని గడియారం సెల్లు వేసినప్పటి సున్నా నుంచి లెక్క పెడుతూ పోతుంది, దాని నిమిషాలు ఫోనుతో కలిసే అవకాశం అరుదు. మీదానికి నిమిషాలు సరిగ్గా వచ్చాయంటే మైన్‌ఫ్లింగెన్ మాట శుభ్రంగా వినబడింది. గంట ఒక్కటే తేడాగా ఉందంటే ఎవరో టైమ్‌జోన్ బటన్‌ను +1 దగ్గర పెట్టారు. బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టైమ్‌జోన్ అంకె మెరుస్తుంది, దాన్ని సున్నా చేయండి. జర్మనీలో ఎక్కడున్నా అక్కడ సున్నాయే ఉండాలి. మీరు లండన్ సమయం చూడాలనుకుంటే మాత్రం −1. వేసవి సమయం కోసం మీరు ఏదీ ముట్టుకోనక్కర లేదు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం మార్పు జరగడానికి గంట ముందు నుంచే ప్రసారంలో ఆ కబురు వస్తుంది. తెల్లవారేసరికి గడియారం సర్దుకుని ఉంటుంది. ఉదయానికి సర్దుకోకపోతే ఆ రాత్రి సరిగ్గా వినబడలేదని అర్థం, మరుసటి రాత్రి దాకా ఆగండి.

రాత్రి అని ఎందుకంటున్నానంటే చాలా గడియారాలు తెల్లవారుజామున ఒంటిగంట, మూడు మధ్య లేచి వింటాయి. ఆ వేళ ఇంట్లో టీవీ, కంప్యూటర్, పొయ్యి అన్నీ ఆగి ఉంటాయి. పైగా దూరపు ప్రసారాలకు రాత్రి ఆకాశం కూడా సహకరిస్తుంది, తరంగాలను పగలు పీల్చేసే పై వాతావరణపు పొర రాత్రి పలచబడుతుంది. మిగతా రోజంతా ఆ గడియారం మామూలు క్వార్ట్జ్ గడియారమే. ఇది తెలియక పగలంతా సిగ్నల్ అందిందని చెప్పే టవర్ బొమ్మ కోసం తెర వంక చూస్తూ కూర్చునేవాళ్ళున్నారు.

మీ వంటింటి గట్టు సిగ్నల్‌కు మంచి చోటు కాదు. ఇప్పటివరకు వినబడింది కాబట్టి అత్యవసరమేమీ లేదు, కానీ ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, రౌటర్, ఫోను చార్జర్, చవక ఎల్‌ఈడీ దీపాల లోపలి సర్క్యూటు, ఇవన్నీ సరిగ్గా ఆ కిందిస్థాయి పౌనఃపున్యాల్లోనే రొద చేస్తాయి. వాటికి కనీసం రెండు మీటర్ల దూరంలో, కిటికీకి దగ్గరగా, కాంక్రీటు స్తంభానికి ఆనించకుండా పెట్టండి. ఇనుప బీరువా మీద అసలు పెట్టవద్దు.

ఇంకో చిట్కా ఉంది, సూచనల కాగితాల్లో ఇది సాధారణంగా సరిగ్గా రాయరు. గడియారం లోపల ఫెర్రైట్ కడ్డీకి తీగ చుట్టిన చిన్న యాంటెన్నా ఉంటుంది, పాత ట్రాన్సిస్టర్ రేడియోలో ఉండేదే. చిన్నప్పుడు వార్తలు సరిగ్గా వినబడకపోతే ట్రాన్సిస్టర్‌ను గుండ్రంగా తిప్పేవాళ్ళం గుర్తుందా, ఇదీ అంతే. కడ్డీ కొస ప్రసార కేంద్రం వైపు చూస్తే ఏమీ వినబడదు, కడ్డీ పక్క భాగం దాని వైపు ఉంటే బాగా వినబడుతుంది. కడ్డీ సాధారణంగా గడియారం వెడల్పు వెంబడి అడ్డంగా పడుకుని ఉంటుంది. కాబట్టి గడియారం ముఖమో వీపో మైన్‌ఫ్లింగెన్ వైపు ఉండాలి. మీకు మ్యూనిక్ నుంచి అది వాయవ్యంగా దాదాపు 300 కిలోమీటర్లు. వాయవ్యం వైపు లేదా ఆగ్నేయం వైపు ముఖం పెట్టండి. డ్రస్డెన్‌లో ఒక మిత్రుడి గోడ గడియారం రెండేళ్ళు మొరాయించింది. దాన్ని ఆ గోడ నుంచి పక్క గోడకు మార్చాం, ఆ రాత్రే సమయం పట్టుకుంది.

ఇక రెండో చెవి. ఇక్కడే మీరు ఎక్కువ ఇబ్బంది పడ్డారు, ఇక్కడే కాస్త నిదానంగా చెబుతాను.

సెన్సర్ డబ్బా ఐరోపాలో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద, కొన్ని మోడళ్ళు 868 మీద మాట్లాడతాయి. నిరంతరం మాట్లాడదు, సెల్లు అరిగిపోతాయి కదా. నిమిషానికి అటూ ఇటూగా ఒకసారి లేచి ఒక చిన్న కబురు విసిరి మళ్ళీ పడుకుంటుంది. ఆ కబురులో ఉష్ణోగ్రతతో పాటు చానెల్ అంకె (1, 2, 3లలో మీరు ఎంచుకున్నది), తన సొంత గుర్తింపు అంకె కూడా ఉంటాయి. అసలు చిక్కు ఈ గుర్తింపు అంకెతోనే. చాలా సెన్సర్లు సెల్లు వేసిన ప్రతిసారీ కొత్త అంకెను తమకు తామే పెట్టుకుంటాయి. మీరు సెల్లు తీసి వేయగానే అది కొత్త పేరుతో పుట్టింది. గడియారం మాత్రం ఇంకా పాత పేరు కోసమే ఎదురు చూస్తోంది. డబ్బా గొంతు చించుకుంటున్నా అది తన మనిషి కాదనుకుని వినిపించుకోవడం లేదు. మీ అడ్డగీతల కథ ఇదే.

దీనికి మందు రెండు రకాలు. గడియారంలో చానెల్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలా మోడళ్ళు పాత గుర్తింపు మరచిపోయి మళ్ళీ వెతకడం మొదలుపెడతాయి, తెర మీద సిగ్నల్ బొమ్మ మెరుస్తుంది. అప్పుడు సెన్సర్‌ను పక్కన పెట్టుకుని రెండు మూడు నిమిషాలు ఆగండి. అది పని చేయకపోతే మొదటి నుంచి మొదలుపెట్టడమే.

మొదటి నుంచి అంటే ఇలా. రెండింటిలోంచి సెల్లు తీసేసి పది నిమిషాలు వదిలేయండి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు ఇంకిపోవాలి, అప్పుడే పాత జ్ఞాపకాలు పోతాయి. తొందరున్నవాళ్ళు ఖాళీగా ఉన్న గడియారంలో ఏదో ఒక బటన్ పదిసార్లు నొక్కితే త్వరగా ఇంకుతుంది. తర్వాత సెన్సర్ వెనక మూత తీసి చానెల్ మీట 1 మీద ఉందో లేదో చూడండి (అపార్ట్‌మెంటులో అయితే 2 గానీ 3 గానీ మేలు, ఎందుకో కింద చెబుతాను). సెల్లు వేశాక మీట మార్చితే చాలా సెన్సర్లు పట్టించుకోవు, ముందే మార్చాలి. ఇప్పుడు ముందు సెన్సర్‌లో సెల్లు వేయండి, ఒక చిన్న ఎర్ర దీపం మినుకుమంటుంది. వెంటనే గడియారంలో వేయండి. రెండింటినీ బల్ల మీద ఒకటి రెండు మీటర్ల ఎడంలో పెట్టండి. మరీ అంటించి పెట్టవద్దు, చెవిలో అరిచినట్టు అవుతుంది. (కొన్ని సంస్థలు ముందు గడియారంలో వేయమంటాయి. కాగితంలో అలా ఉంటే కాగితం మాటే వినండి, వాళ్ళ ప్రోగ్రాం వాళ్ళకు తెలుసు.)

ఆ తర్వాత చేతులు వెనక్కు కట్టుకోండి. నిజంగానే చెబుతున్నాను. గడియారం మొదటి మూడు నిమిషాలు సెన్సర్ కోసం వెతుకుతుంది. అది దొరికాకనో గడువు దాటాకనో సమయం కోసం వినడం మొదలుపెడుతుంది. రెండు చెవులూ ఒకేసారి పని చేయవు. అందుకే ఆ మొదటి నిమిషాల్లో తెర మీద 0:00 నుంచి సమయం నడుస్తుంటుంది, తేదీ ఎప్పటిదో ఉంటుంది. అది చూసి భయపడి బటన్లు నొక్కడం మొదలుపెడితే టైమ్‌జోన్ మారుతుంది, అలారం పడుతుంది, సెల్సియస్ ఫారెన్‌హీట్ అవుతుంది. మీ ఇంట్లో టైమ్‌జోన్ +1 కావడం వెనక ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. పావుగంట వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకోండి. వచ్చేసరికి లోపల, బయట రెండు ఉష్ణోగ్రతలు కనబడతాయి.

సెన్సర్‌ను వెంటనే బయటికి తీసుకుపోకండి. రెండూ ఒకే బల్ల మీద గంటసేపు ఉంటే రెండు అంకెలూ దాదాపు ఒకటే కావాలి. ఈ తరగతి సెన్సర్లలో ఒక డిగ్రీ అటూ ఇటూ మామూలే. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే అప్పుడు కొట్టుకు వెళ్ళండి, అది నిజమైన లోపం. ఈ పరీక్ష ఇప్పుడు చేయకపోతే తర్వాత బయట కనబడే ప్రతి అంకెనూ అనుమానించాల్సి వస్తుంది.

కబురు ఎంత దూరం పోతుంది? పెట్టె మీద 60 మీటర్లనో 100 మీటర్లనో రాసి ఉంటుంది. అది గడ్డి మైదానం లెక్క. ఇటుక గోడ ఒకటి దాటితే సగం పోయిందనుకోండి, ఇనుప చువ్వలున్న కాంక్రీటు అయితే ఇంకా ఎక్కువ పోతుంది. జర్మనీలో ఇంకో గుప్త శత్రువు కిటికీ అద్దమే. వేడి బయటికి పోకుండా కొత్త కిటికీల అద్దాలకు కంటికి కనబడనంత పలచని లోహపు పూత ఉంటుంది. చూపు దాటుతుంది, రేడియో తరంగం వెనక్కు తిరుగుతుంది. అద్దంలోంచి సెన్సర్ కనబడుతున్నా సిగ్నల్ రాకపోవడానికి కారణం అదే. అప్పుడు గడియారాన్ని అద్దానికి ఎదురుగా కాక పక్కన ఇటుక గోడ దగ్గరకు జరపండి. నమ్మబుద్ధి కాదు, కానీ పని చేస్తుంది. సెన్సర్‌ను ఇనుప కటకటాలకు ఆనించి కట్టడం కూడా తప్పే. లోహం పక్కన ఉంటే దాని చిన్న యాంటెన్నా గొంతు మారిపోతుంది. మరీ తప్పకపోతే మధ్యలో అరచేతి మందం చెక్క ముక్క పెట్టండి.

పక్కింటి సెన్సర్ల సంగతి కూడా చెప్పాలి. మా రెండో గడియారం ఒక జూలై నెలలో బయట మైనస్ 18 అని చూపించింది. పగలూ రాత్రీ అదే అంకె. ఇంట్లో అందరూ నవ్వారు, నేను మూడు రోజులు బుర్ర పగలగొట్టుకున్నాను. చివరికి తేలిందేమిటంటే కింది అంతస్తు పెద్దావిడ అదే మోడల్ కొని సెన్సర్‌ను ఆహారం గడ్డకట్టించే ఫ్రీజర్‌లో పెట్టుకున్నారు, అదీ చానెల్ 1 మీదే. నేను సెల్లు మార్చిన క్షణంలో మా గడియారం ముందుగా వినబడిన గొంతును పట్టేసుకుంది. మాది చానెల్ 3కు మార్చాను, ఆవిడ ఫ్రీజర్ క్షేమ సమాచారం నాకు రావడం ఆగింది. మీది అపార్ట్‌మెంటు కాబట్టి మొదటే 2 గానీ 3 గానీ పెట్టుకోవడం మంచిది, గడియారం తెర మీద కూడా అదే చానెల్ ఎంచుకోవడం మరవకండి. గ్యారేజీ తలుపు రిమోట్లు, కారు తాళాలు కూడా ఈ 433 మీదే ఉంటాయి. అవి క్షణం సేపే అరుస్తాయి కాబట్టి ఒకటి రెండు కబుర్లు పోవడం తప్ప పెద్ద నష్టం ఉండదు.

ఇక ఆ 38 డిగ్రీలు. సెన్సర్ అబద్ధం చెప్పలేదు, మీరు అడిగిన ప్రశ్నే వేరు. ఎండలో ఉన్న ప్లాస్టిక్ డబ్బా తన ఒళ్ళు ఎంత కాలుతోందో చెబుతుంది, గాలి ఎంత వేడిగా ఉందో చెప్పదు. పల్నాడులో రెంటచింతల 45 దాటిందని మే నెలలో పత్రికలు రాస్తాయి కదా, అది నీడలో కొలిచిన అంకె. వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాన్ని తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేలకు మనిషి ఎత్తున పెడతారు. అక్కడే ఎండలో ఇనుప గేటును ముట్టుకుంటే ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఆ రెండు అంకెలకూ తేడా ఎంతో, మీ 38కీ ఊరి 24కీ తేడా అంతే సహజం.

ఉత్తరం వైపు గోడ ఉంటే సెన్సర్ అక్కడ పెట్టండి, పడకగది కిటికీ సజ్జ కింద అయినా సరే. దక్షిణపు బాల్కనీ తప్ప గతి లేకపోతే పై అంతస్తు బాల్కనీ కప్పు కింద లోపలి మూలన, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయండి. ఎండ తగిలిన గోడ పొద్దుపోయాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆనించి పెడితే రాత్రి అంకెలు కూడా ఎక్కువ చూపిస్తాయి. అప్పటికీ పొద్దుటి ఎండో సాయంత్రం ఎండో తగులుతుంటే పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్ళేలు అయిదారు కొని, అన్నీ బోర్లించి, పై రెండూ తప్ప మిగతావాటికి మధ్యలో రంధ్రం కోసి, ఒకదానికొకటి రెండు సెంటీమీటర్ల ఎడంతో పొడవాటి మరలకు గుచ్చండి. సెన్సర్ మధ్యలో వేలాడుతుంది, ఎండ పడదు, గాలి ఆడుతుంది. చూడ్డానికి కాస్త ఇడ్లీ పళ్ళేల స్టాండులా ఉంటుంది, మా ఆవిడ దాన్ని అలాగే పిలుస్తుంది. వాన తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఆ పని చేయవద్దు, లోపల చెమ్మ పట్టి సర్క్యూటు తుప్పు పడుతుంది. ఏసీ బయటి యూనిట్ దగ్గర, బట్టలారబెట్టే యంత్రం గాలి వచ్చే గొట్టం దగ్గర పెట్టకూడదని వేరే చెప్పాలా?

సెల్లు విషయంలో నాకు మొండి అభిప్రాయం ఒకటి ఉంది. రీచార్జబుల్ వాడవచ్చా అని మీరు అడిగారు. వద్దు. మామూలు పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది, రీచార్జబుల్ 1.2. రెండు సెల్లు కలిస్తే 3 బదులు 2.4. సెన్సర్ గొంతు మొదటి రోజే నీరసంగా ఉంటుంది, తెర వెలవెలబోతుంది, సెల్లు అయిపోయాయన్న బొమ్మ వెలుగుతుంది. ఇది ఏడాదికోసారి కూడా మార్చనక్కర లేని వస్తువు, ఇక్కడ పొదుపు చేయాల్సింది ఏమీ లేదు. రెండింటిలోనూ మంచి ఆల్కలైన్ వేయండి. అతి చవక జింక్ సెల్లు కారి డబ్బా తినేస్తాయి.

మ్యూనిక్ చలికి మాత్రం ఆల్కలైన్ కూడా ఒక్కోసారి తట్టుకోదు. మైనస్ పది దాటిన రోజుల్లో తెల్లవారుజామున అడ్డగీతలు వచ్చి మధ్యాహ్నానికి మళ్ళీ అంకెలు కనబడితే సెన్సర్ పోలేదు, సెల్ లోపలి ద్రవం చలికి మందగించింది. బయటి డబ్బాలోకి లిథియం పెన్సిల్ సెల్లు కొనండి, అవి మైనస్ 40 దాకా పని చేస్తాయి. ఖరీదు ఎక్కువే, కానీ జనవరిలో మూడో అంతస్తు బాల్కనీలో వణుకుతూ మూత తీసే బాధ తప్పుతుంది. సెల్లు మార్చినప్పుడల్లా సెన్సర్ కొత్త పేరు పెట్టుకుంటుందన్న సంగతి గుర్తుంది కదా, గడియారానికి కూడా మళ్ళీ వెతకమని చెప్పాలి.

అమెరికాలో ఉన్నవారు ఇది చదివితే వారికి రెండు మాటలు. మీ గడియారాలు వినేది కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ దగ్గరి డబ్ల్యూడబ్ల్యూవీబీని, 60 కిలోహెర్ట్జ్ మీద. దేశం మొత్తానికి అదొక్కటే. న్యూజెర్సీ నుంచి అది దాదాపు 2,600 కిలోమీటర్లు, పగలు ఆశ పెట్టుకోకండి. పడమటి గోడ వైపు కిటికీలో పెట్టి రాత్రికి వదిలేయండి, రెండు మూడు రాత్రులు పట్టినా ఆశ్చర్యం లేదు. మీ గడియారంలో టైమ్‌జోన్ మీరే ఎంచుకోవాలి, ఎందుకంటే ఆ ప్రసారం స్థానిక సమయం కాక ప్రపంచ సమయం పంపుతుంది. ఫీనిక్స్‌లో ఉంటే వేసవి సమయం మీట కూడా ఆపాలి, అరిజోనాలో ఎక్కువ భాగం గంట మార్చరు. ఇంకోటి, అమెరికాలో కొన్న గడియారం ఇంగ్లండ్‌లో పని చేయదు. ఇంగ్లండ్‌లోని ఆంథార్న్ కేంద్రం కూడా 60 కిలోహెర్ట్జ్ మీదే ప్రసారం చేస్తుంది, కానీ భాష వేరు. గొంతు వినబడుతుంది, మాట అర్థం కాదు.

ఇప్పుడు నాన్నగారి గుంటూరు గడియారం. మైన్‌ఫ్లింగెన్ నుంచి గుంటూరు ఏడు వేల కిలోమీటర్ల పైమాట, ఆ ప్రసారం అక్కడికి అందదు. మన దేశంలో ఇలాంటి దీర్ఘ తరంగాల సమయ సంకేత ప్రసారం లేదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఒకప్పుడు ఏటీఏ పేరుతో హ్రస్వ తరంగాల మీద సమయం పంపేది, అదీ ఈ గడియారాల చెవికి ఎక్కేది కాదు. ఒకవేళ జర్మనీ సిగ్నల్ ఏ అర్ధరాత్రో గాలివాటుగా అందినా ఉపయోగం లేదు, ఈ గడియారాల్లో టైమ్‌జోన్ పూర్తి గంటల్లోనే మారుతుంది. మన అరగంట వాటి లెక్కలో లేదు.

అయినా తీసుకువెళ్ళవచ్చు, ఒక చెవి మూసేస్తే చాలు. రేడియో సమయం ఆపే వీలున్న మోడల్ కొనండి, చాలా వాటిలో టవర్ బొమ్మ ఉన్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. ఆపకపోతే ప్రతి రాత్రి లేని గొంతు కోసం వెతికి వెతికి సెల్లు తినేస్తుంది. తర్వాత సమయం చేత్తో పెట్టండి. లోపలి క్వార్ట్జ్ నెలకు సుమారు పావు నిమిషం అటో ఇటో జరుగుతుంది, మూడు నాలుగు నెలలకోసారి సరి చేస్తే సరిపోతుంది. నాన్నగారికి సెకన్ల పట్టింపు ఉంటే ఇది కాక ఇంటి వైఫై ద్వారా సమయం తెచ్చుకునే గోడ గడియారం కొనండి, దానికి ఇండియాలో ఏ ఇబ్బందీ లేదు.

రెండో చెవి మాత్రం గుంటూరులో భేషుగ్గా పని చేస్తుంది. సెన్సర్‌కు మైన్‌ఫ్లింగెన్‌తో సంబంధం లేదు, దానికి కావాల్సింది ఆ గదిలోని గడియారం ఒక్కటే. ఇక్కడి లెక్కలన్నీ అక్కడ తలకిందులవుతాయి. లిథియం సెల్లు అక్కర లేదు, చలి భయం లేదు. భయపడాల్సింది మే నెల మేడకు. ఆల్కలైన్ సెల్లు యాభై డిగ్రీలు దాటిన వేడిలో త్వరగా పాడవుతాయి, కారుతాయి కూడా. ఎండలో ఉన్న డబ్బా లోపల ఆ వేడి ఇట్టే దాటుతుంది. కాబట్టి పిట్టగోడ మీద పెట్టనివ్వకండి. ఉత్తరపు వరండా చూరు కింద, గాలి ఆడే చోట ఒక మేకు కొట్టి తగిలించండి. కొత్త సెల్లు రెండు జతలు, చానెల్ బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకోవాలో తెలుగులో రాసిన చిన్న కాగితం ఒకటి గడియారం వెనక అతికించి రండి.